నాలుగో గేరు పడటం లేదా? గేర్‌బాక్సు దించే ముందు చూడాల్సినవి

మీరు రాసినదాని సారాంశం ఇది. 1990ల నాటి టయోటా కారు, నాలుగు గేర్ల ఆటోమేటిక్. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో టాకోమీటర్ (ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు) 2,800 చూపిస్తోంది, ఇదివరకు అదే వేగంలో 2,000 దాటేది కాదు. గేరు లివర్ మీద నాలుగో గేరుకు అనుమతినిచ్చే ఓవర్‌డ్రైవ్ బటన్ ఆన్‌లోనే ఉంది, డాష్‌బోర్డులో ఓడీ (ఓవర్‌డ్రైవ్) ఆఫ్ దీపం వెలగడం లేదు. చలికాలంలో రోజంతా నడిపినా నాలుగో గేరు పడదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అరగంట నడిచాక ఒక్కోసారి పడుతుంది. పడినప్పుడు మాత్రం జారదు, కుదుపూ లేదు. మైలేజీ తగ్గింది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ కింది గీతకు దగ్గరలోనే ఉంటుంది. మెకానిక్ ఒక చుట్టు నడిపి చూసి, క్లచ్ ప్లేట్లు అరిగాయి, పెట్టె దించి మొత్తం బాగు చేయాలి అన్నారు. దించమంటారా అని మీ ప్రశ్న.

దించవద్దు. కనీసం ఇప్పుడప్పుడే వద్దు. మీ ఉత్తరంలో రెండు వాక్యాలు ఆ మెకానిక్ మాటకు ఎదురు నిలుస్తున్నాయి. ఒకటి, పడినప్పుడు జారదు అన్నది. రెండోది టెంపరేచర్ ముల్లు గురించి మీరు ఏదో గుర్తొచ్చి రాసినట్టు చివర్లో రాసిన మాట. అసలు విషయం అక్కడే ఉందని నా అనుమానం.

క్లచ్ ప్లేట్లు అరిగిన పెట్టె సాధారణంగా దీనికి తలకిందులుగా ప్రవర్తిస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఒత్తిడి బాగా అందుతుంది, గేర్లు చక్కగా పడతాయి. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక జారడం మొదలవుతుంది. గట్టిపడిన రబ్బరు సీళ్ల వల్ల చల్లగా ఉన్నప్పుడే ఇబ్బంది పెట్టే పెట్టెలూ ఉన్నాయి, కాదనను. కానీ అలాంటప్పుడు డ్రైవ్‌లోకో రివర్స్‌లోకో వేసినప్పుడు కూడా బండి ఒకటి రెండు సెకన్లు ఆలోచించి కదులుతుంది, పైగా కొన్ని కిలోమీటర్లు నడిచేసరికి ఆ ఇబ్బంది తీరిపోతుంది. రోజంతా నాలుగో గేరు ఒక్కటే రాకపోవడం, వచ్చిన రోజున దివ్యంగా పనిచేయడం అరుగుదల లక్షణం కాదు. పెట్టెను నాలుగో గేరు వేయమని ఎవరూ అడగడం లేదు, అంతే.

నాలుగో గేరు పడటం లేదు అని వచ్చే ప్రతి బండిలోనూ నేను ముందు తేల్చుకునేది ఇదొక్కటే. ఆజ్ఞ రావడం లేదా, వచ్చిన ఆజ్ఞను పెట్టె అమలు చేయలేకపోతోందా? మొదటిదైతే లోపం వైర్లలోనో, సెన్సర్లలోనో, ఇంజినులోనో, ఒక్కోసారి రేడియేటర్ పైపు దగ్గరో ఉంటుంది. రెండోదైతేనే పెట్టె విప్పే మాట. ఈ తేడా తేల్చకుండా ఓవర్‌హాల్ చేయించిన బండ్లు కొన్ని, కొత్త ప్లేట్లతో కూడా మూడో గేరులోనే తిరిగి వస్తాయి.

ముందుగా మీ అంకెలు సరిచూద్దాం. ఈ తరం పెట్టెల్లో మూడో గేరు నేరు గేరు, అంటే ఇంజిను ఒక చుట్టు తిరిగితే బయటి షాఫ్టు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. నాలుగోది ఓవర్‌డ్రైవ్, నిష్పత్తి 0.7కి అటూ ఇటూ ఉంటుంది. టైరు ఒక చుట్టుకు 1.9 మీటర్లు నడుస్తుందని, డిఫరెన్షియల్ నిష్పత్తి 4.0 అని, అంటే చక్రం ఒక చుట్టుకు బయటి షాఫ్టు నాలుగు చుట్లు తిరుగుతుందని అనుకోండి. 80 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1,333 మీటర్లు, అంటే చక్రం సుమారు 702 చుట్లు. దాన్ని నాలుగుతో గుణిస్తే మూడో గేరులో ఇంజిను 2,800, నాలుగో గేరులో 0.7 వంతు కాబట్టి 1,965. మీ కారు టైర్లు, డిఫరెన్షియల్ కొంచెం వేరైనా లెక్క దారి ఇదే. మీరు చెబుతున్న రెండు అంకెలూ అచ్చంగా మూడో గేరు, నాలుగో గేరు అంకెలే. కనుక బండి మూడులో జారడం లేదు, నాలుగులో జారడం లేదు, నిబ్బరంగా మూడులోనే ఉండిపోయింది. జారే గేరులో అంకె ఇలా ఒకచోట నిలవదు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పైకి లేచి ఊగుతుంది.

ఇంకా తేలిగ్గా నిర్ధారించుకోవాలంటే, 80లో సమానంగా నడుపుతూ ఓవర్‌డ్రైవ్ బటన్ నొక్కి ఆఫ్ చేయండి. అప్పటిదాకా నాలుగులో ఉంటే ఇంజిను చుట్లు ఒక్కసారి ఎనిమిది వందల దాకా పెరుగుతాయి. ఏమీ మారకపోతే మూడులోనే ఉన్నట్టు. బటన్ నొక్కినప్పుడు దీపం వెలుగుతోందా అన్నది కూడా అదే సమయంలో చూడండి. దీపం మాడిపోయిన బండిలో బటన్ ఎప్పుడో ఆఫ్ అయి ఉండి, ఏడాది పొడవునా మూడులోనే నడిపినవారు ఉన్నారు. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ పెట్రోలు ఖర్చు వాళ్లకు నవ్వు తెప్పించి ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నాలుగు పడలేదని చెప్పేవారిలో కొందరికి నిజానికి పడనిది టార్క్ కన్వర్టర్ లాకప్. అది గేరు కాదు. ఇంజినుకూ పెట్టెకూ మధ్య ఆయిల్ ద్వారా నడిచే జతను ఒక క్లచ్ గట్టిగా కలిపేయడం మాత్రమే. అది పడినప్పుడు చుట్లు తగ్గేది రెండు మూడు వందలే, ఎనిమిది వందలు కాదు. ఖాళీ రోడ్డు మీద సమ వేగంలో వెళుతూ, యాక్సిలరేటర్ కదపకుండా, ఎడమ కాలితో బ్రేకు దీపం వెలిగేంత మాత్రమే పెడల్‌ను తాకండి. లాకప్ పడి ఉంటే టాకోమీటర్ ముల్లు చిన్నగా లేచి, పెడల్ వదిలాక తిరిగి దిగుతుంది. ముల్లు కదలకపోతే లాకప్ పడలేదని అర్థం. అప్పుడు బ్రేకు స్విచ్ సర్దుబాటు తప్పి, కాలు తీసినా దీపాలు వెలుగుతూనే ఉన్నాయేమో చూడాలి. చీకట్లో గోడకు దగ్గరగా వెనక్కి పెట్టి చూస్తే చాలు. గేర్లను నడిపించే కంప్యూటర్ దృష్టిలో మీరు నిరంతరం బ్రేకు తొక్కుతున్నారు, ఇక లాకప్ ఎందుకు ఇస్తుంది? మీ కేసు ఇది కాదని అంకెలే చెబుతున్నాయి, అయినా చూసి పెట్టుకోండి.

ఇప్పుడు టెంపరేచర్ ముల్లు సంగతి. ఇంజిను చల్లగా ఉన్నంతసేపూ ఈ కార్లలో కంప్యూటర్ ఓవర్‌డ్రైవ్ ఇవ్వదు. మోడల్‌ను బట్టి కూలెంట్ 50, 60 డిగ్రీలు దాటాకే నాలుగో గేరుకు అనుమతి, లాకప్‌కు సాధారణంగా ఇంకాస్త ఎక్కువ వేడి కావాలి. ఇంజిను త్వరగా వేడెక్కాలని, చల్లటి ఇంజిను ఎత్తు గేరులో ముక్కుతూ నడవకూడదని చేసిన ఏర్పాటు ఇది. ఇంజిను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని వాల్వు థెర్మోస్టాట్. అది తెరుచుకుని బిగుసుకుపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంది, ఇంజిను ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు. హైవే మీద ముందునుంచి గాలి కొడుతుంటే ఇంకా చల్లబడుతుంది. చలికాలంలో నాలుగు రాదు, ఎండాకాలం మధ్యాహ్నం వస్తుంది, మైలేజీ పడిపోతుంది. మీరు రాసినదంతా ఈ ఒక్క కారణంతో అతుకుతుంది. మైలేజీ తగ్గడానికి మూడో గేరు ఒక్కటే కారణం కాదు. ఇంజిను ఇంకా చల్లగానే ఉందని నమ్మి కంప్యూటర్ పెట్రోలు కూడా ఎక్కువ పోస్తోంది.

పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. పొద్దున్నే చల్లటి ఇంజిను స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టండి, ఫ్యాను రెక్కలకు దూరంగా. మంచి థెర్మోస్టాట్ ఉంటే ఆ పైపు చాలా నిమిషాలు చల్లగానే ఉండి, వాల్వు తెరుచుకునే సమయానికి, అంటే ఇంజిను 80 డిగ్రీల దరిదాపుకు వచ్చాక, కొద్దిసేపట్లోనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. స్టార్ట్ చేసిన కాసేపటికే మెల్లమెల్లగా గోరువెచ్చన అవుతూ పోతే, వాల్వు మూసుకోవడం లేదన్నమాట. కొన్ని ఇంజిన్లలో థెర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, అక్కడ పై పైపు అంత కచ్చితంగా చెప్పదు. అలాంటి ఇంజినులో రేడియేటర్ అడుగు భాగాన్ని తాకి చూడండి, ఇంజిను వేడెక్కేదాకా అది చల్లగా ఉండాలి. ఎవరైనా గతంలో ఇంజిను వేడెక్కుతోందని థెర్మోస్టాట్ తీసేసి మళ్లీ పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు కూడా. పాత కార్లలో ఇది ఎంత మామూలంటే, దాని హౌసింగ్ విప్పి చూసేదాకా లోపల థెర్మోస్టాట్ ఉందని నేను నమ్మను.

ముల్లు మధ్యలో నిలిచే కార్లలో కూడా ఈ లోపం దాక్కోగలదు. డాష్‌బోర్డు ముల్లుకు సమాచారమిచ్చే సెన్సరు వేరు, కంప్యూటర్‌కు ఇచ్చేది వేరు. మొదటిది సాధారణంగా ఒంటి వైరుది, రెండోది రెండు వైర్లది. రెండోది చెడిపోయి ఇంజిను చల్లగా ఉందని చెబుతుంటే, ముల్లు ఎంత బాగున్నా నాలుగు రాదు. మల్టీమీటర్‌తో ఆ సెన్సరు నిరోధం కొలవండి. 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 దగ్గర రెండు మూడు వందల ఓమ్‌లు ఉండాలి. వేడెక్కినా వేలల్లోనే ఉంటే సెన్సరు మార్చాలి.

థెర్మోస్టాట్ మార్చి, కూలెంట్‌లో గాలి లేకుండా తీసి, ముల్లు సగానికి వచ్చాక కూడా నాలుగు రాకపోతే కంప్యూటర్‌నే అడగండి. ఈ కార్లలో ఇంజిను గదిలో డయాగ్నోసిస్ అని రాసిన చిన్న పెట్టె ఉంటుంది. మూత తీస్తే లోపల ప్రతి పిన్ను పేరూ మూత అడుగున ముద్రించి ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్, ఇంజిను ఆఫ్, ఓవర్‌డ్రైవ్ బటన్ ఆన్‌లో ఉంచి టీఈ1, ఈ1 అనే పిన్నులను ఒక వైరు ముక్కతో కలపండి. వేరే పిన్నులో పెడితే ఫ్యూజో ఇంకేదో పోతుంది, పేరు రెండుసార్లు చదవండి. ఓడీ ఆఫ్ దీపం మిణుకుమనడం మొదలుపెడుతుంది. సెకనుకు రెండుసార్లు ఆగకుండా మిణుకుతుంటే తప్పు ఏమీ నమోదు కాలేదు. నాలుగుసార్లు వెలిగి, ఒకటిన్నర సెకను ఆగి, రెండుసార్లు వెలిగితే అది 42, స్పీడోమీటర్ వైపు వేగం సెన్సరు. 61 పెట్టె మీది వేగం సెన్సరు. 62, 63 గేర్లు మార్చే రెండు సొలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు), 64 లాకప్ సొలినాయిడ్. ఒక మాట గుర్తుంచుకోండి. ఈ కోడ్లు వైరు తెగడాన్ని, షార్ట్ కావడాన్ని చెబుతాయి. సొలినాయిడ్ లోపల చెత్త పట్టి బిగుసుకుపోతే కోడ్ రాదు. కూలెంట్ సెన్సరు తప్పుడు అంకె చెప్పినా, అది పూర్తిగా తెగిపోనంతవరకు కంప్యూటర్ ఫిర్యాదు చేయదు. కోడ్ లేదు కాబట్టి కరెంటు వైపు అంతా బాగుంది, పెట్టె దించుదాం అనే తర్కం అందుకే చెల్లదు.

ఇక నాకు ఎక్కువ ఇష్టమైన పరీక్ష. మెకానిక్‌తో వాదించే అవసరం లేకుండా ఇదొక్కటే తీర్పు చెబుతుంది. ఈ పెట్టెలో రెండు సొలినాయిడ్లు కలిసి గేర్లను నిర్ణయిస్తాయి. మొదటి గేరుకు ఒకటో సొలినాయిడ్‌లో కరెంటు, రెండో గేరుకు రెండింటిలో, మూడో గేరుకు రెండోదానిలో మాత్రమే. నాలుగుకు రెండింటిలోనూ కరెంటు ఉండదు. అంటే కరెంటే లేని పెట్టె డ్రైవ్‌లో దానంతటదే నాలుగో గేరులో ఉంటుంది. కనుక బండి ఆపి, ఇంజిను ఆపి, పెట్టెకు వెళ్లే సొలినాయిడ్ కనెక్టర్ ఊడదీయండి. అప్పుడు ఎల్‌లో పెడితే ఒకటో గేరు, 2లో పెడితే మూడో గేరు, డీలో పెడితే నాలుగో గేరు మాత్రమే దొరుకుతాయి. ఎల్‌లో బయలుదేరి, కాస్త వేగం వచ్చాక 2లోకి, 60 దాటాక డీలోకి తోయండి. వేగంలో ఉండగా వెనక్కి లాగవద్దు. డీలో ఇంజిను చుట్లు నాలుగో గేరు అంకెకు దిగి, రేసు ఇచ్చినా జారకుండా లాగితే, నాలుగో గేరును పట్టి ఉంచే పెట్టె లోపలి బ్రేకు ప్లేట్లు, సీళ్లు, ఆయిల్‌ను గేర్లకు పంచే వాల్వు బాడీలో ఆ దారి, అన్నీ బాగున్నట్టే. లోపం పెట్టె బయటే ఉంది. ఆ స్థితిలో పెట్టె దించడమంటే పంటి నొప్పికి కాలు కోయించుకోవడమే. పరీక్ష అయ్యాక కనెక్టర్ పెట్టేసి, ఈఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షన్) ఫ్యూజు కాసేపు తీసి పెడితే ఈ పరీక్ష వల్ల నమోదైన కోడ్లు చెరిగిపోతాయి.

కనెక్టర్ చేతిలో ఉన్నప్పుడే పెట్టె వైపు పిన్నులకూ బండి బాడీకీ మధ్య నిరోధం కొలవండి. గేర్ల సొలినాయిడ్లు ఒక్కోటి 11 నుంచి 15 ఓమ్‌ల మధ్య చూపాలి. కనెక్టర్ లోపల ఎర్రటి ఆయిల్ ఊరిందా, పిన్నులు పచ్చబడ్డాయా కూడా చూడండి. పాత బండిలో గేరు లివర్ లోపల బటన్‌కు వెళ్లే సన్నటి వైరు ఏళ్ల తరబడి వంగి వంగి తెగడమో, ఒరుసుకుని బాడీకి తగలడమో జరుగుతుంది. బాడీకి తగిలితే కంప్యూటర్‌కు బటన్ ఆఫ్ చేసినట్టే కనబడుతుంది. అప్పుడు దీపం వెలుగుతుంది కాబట్టి దొరికిపోతుంది. క్రూయిజ్ కంట్రోల్ ఉంటే అదీ చూడండి. నిర్ణయించిన వేగం కాస్త తగ్గగానే అది ఓవర్‌డ్రైవ్‌ను రద్దు చేస్తుంది. క్రూయిజ్ ఆపేసినప్పుడు నాలుగు వస్తే వెతకాల్సింది అటువైపు.

థ్రాటిల్ సెన్సరు, థ్రాటిల్ కేబుల్ రెండూ వేరు, చాలామంది కలిపేస్తారు. సెన్సరు కంప్యూటర్‌కు చెబుతుంది, గేరు ఎప్పుడు మారాలో దాన్నిబట్టే నిర్ణయమవుతుంది. కేబుల్ పెట్టె లోపలి ఆయిల్ ఒత్తిడిని పెంచుతుంది. సెన్సరు తప్పు చెబితే బండి నాలుగులోకి ఆలస్యంగా వెళ్లడం, చిన్న ఎత్తుకే మూడుకు దిగి మళ్లీ ఎక్కి ఊగిసలాడటం జరుగుతుంది. కేబుల్ వదులైతే గేరు మెత్తగా, జారుతూ పడుతుంది. ఆ మెత్తదనం సుఖంగా ఉందని అలాగే వదిలేస్తే ప్లేట్లు కాలిపోతాయి. యాక్సిలరేటర్‌ను ఒకరు పూర్తిగా తొక్కి పట్టుకోగా, కేబుల్ మీద నొక్కి ఉన్న చిన్న లోహపు బుడిపెకూ రబ్బరు తొడుగు చివరకూ మధ్య ఖాళీ చూడండి. సున్నా నుంచి ఒక మిల్లీమీటరు ఉండాలి.

మీది కంప్యూటర్ పెట్టె కాబట్టి కేబుల్ తప్పినా గేర్లు మారే వేళలు పెద్దగా మారవు. పూర్తిగా హైడ్రాలిక్ పెట్టెల్లో అలా కాదు. 1982లో వచ్చిన జనరల్ మోటార్స్ 700ఆర్4, 1980లో వచ్చిన ఫోర్డ్ ఏఓడీ లాంటి వాటిలో గేరు మారే వేళ, ఒత్తిడి రెండూ ఆ కేబుల్ లేదా కడ్డీ చేతిలోనే ఉంటాయి. అది ఊడిందని తెలిసీ ఇంటిదాకా నడిపిస్తే ఆ ఒక్క ప్రయాణమే పెట్టెను ముగించగలదు. ఏఓడీలో దాన్ని థ్రాటిల్ దగ్గర పట్టి ఉంచేది ఒక చిన్న ప్లాస్టిక్ బుష్, వయసుతో పొడిపొడి అవుతుంది. పాత వోల్వో 240లో అయితే ముందు ఓవర్‌డ్రైవ్ రిలే విప్పి, సోల్డర్ చిట్లిందేమో చూస్తారు. ఏ పెట్టె అయినా, కరెంటు ఉంటే నాలుగు వస్తుందా లేకపోతే వస్తుందా అన్నది ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకున్నాకే కనెక్టర్ పరీక్ష చేయండి. అన్నింటిలో ఒకేలా ఉండదు.

ఆయిల్ గురించి ఇప్పటిదాకా చెప్పలేదు, మీ లక్షణాల్లో దాని పాత్ర తక్కువ కనుక. అయినా చూడక తప్పదు. బండి బాగా నడిపి పెట్టె వేడెక్కాక, సమతలం మీద, ఇంజిను నడుస్తుండగా, లివర్‌ను అన్ని స్థానాల్లోకీ మెల్లగా తిప్పి పీలోకి తెచ్చి, అప్పుడు డిప్‌స్టిక్ చూడండి. చల్లటి ఆయిల్‌ను వేడి గీతల దాకా నింపితే వేడెక్కాక పొంగి నురగ వస్తుంది, నురగలో ఒత్తిడి నిలవదు. ఒక చుక్క తెల్లటి కాగితం మీద వేయండి. ఎర్రగా పరుచుకుంటే మంచిదే. గోధుమరంగులోకి దిగి, మధ్యలో నల్లటి మచ్చ నిలిచి, మాడిన వాసన వస్తే ప్లేట్ల పొడి అందులో ఉంది. పాలు కలిపినట్టు గులాబీ రంగు ఉంటే రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ పగిలి నీళ్లు కలిశాయి. అప్పుడు బండి కదపవద్దు. ఆయిల్ మార్చాల్సి వస్తే పెట్టె అడుగున ఉండే పాన్ విప్పి, ఫిల్టర్ మార్చి, కారిన మేరకు కొత్తది పోయండి. కన్వర్టర్‌లో ఎక్కువ భాగం ఉండిపోతుంది కాబట్టి కొద్ది రోజుల తేడాతో ఇంకోసారి చేయడం మంచిది. మాడిన ఆయిల్ ఉన్న పెట్టెకు మెషీన్ పెట్టి ఒత్తిడితో కడిగించడం నాకు నచ్చదు. పాన్‌లో అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే. వేలికి తగిలే లోహపు రేకులు, ఇసుకలాంటి నల్ల పొడి కనబడితే ఓవర్‌హాల్ మాట మొదలుపెట్టవచ్చు.

కనెక్టర్ పరీక్షలో డీలో కూడా చుట్లు దిగకపోతే, లేదా దిగబోయి ఒక్కసారి పైకి ఎగిరితే, అప్పుడు లోపం పెట్టె లోపలే ఉంది, మీ మెకానిక్ చెప్పింది నిజం కావచ్చు. ఓవర్‌డ్రైవ్ బ్రేకు ప్లేట్లో, దాని పిస్టన్ సీలో, వాల్వు బాడీలో 3 నుంచి 4కు మార్చే వాల్వో చెడినట్టు. వాల్వు బాడీని పెట్టె దించకుండా పాన్ వైపు నుంచే తీసి శుభ్రం చేయవచ్చు, ముందు అది చేయించండి. అప్పటిదాకా ఓవర్‌డ్రైవ్ బటన్ ఆఫ్ చేసి మూడులోనే నడపండి. మూడో గేరు నడక పెట్టెకు ఏ హానీ చేయదు, పెట్రోలు మాత్రమే ఎక్కువ తాగుతుంది. జారే నాలుగులో నడిపితే ప్రతి కిలోమీటరుకూ ఆయిల్‌లో పొడి కలుస్తూ మిగతా గేర్లను కూడా పాడుచేస్తుంది.

మీ బండి వరకు వరుస ఇలా పెట్టుకోండి. రేపు పొద్దున పైపు మీద చెయ్యి, ఆ తర్వాత థెర్మోస్టాట్. ఇంజిను పూర్తిగా వేడెక్కుతున్నా నాలుగు రాకపోతే రెండు వైర్ల సెన్సరు, కోడ్లు, కనెక్టర్ పరీక్ష. ఆ పరీక్షలో డీలో చుట్లు ఎక్కడికి దిగాయో, సొలినాయిడ్ల నిరోధం ఎంత వచ్చిందో అంకెలతో సహా ఇక్కడ రాయండి, అక్కడినుంచి చూద్దాం.